సౌనాకు కొత్తవాళ్ళకు: వేడెక్కడం సగం, చల్లబడటం సగం

తలుపు మీద ‘సౌనా’ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది సౌనాయే కానక్కర్లేదు. మన దక్షిణ ఒడిశాలో బరంపురం జిమ్ములో అయినా, గోపాలపురం బీచ్ దగ్గరి హోటల్లో అయినా, జయపురం వైపు రిసార్టులో అయినా ముందు ఆ గది ఏ రకమో తేల్చుకోండి. ఎంతసేపు కూర్చోవాలి, ఎక్కడ కూర్చోవాలి, దేనికి భయపడాలి అన్నవన్నీ దాన్నిబట్టే మారతాయి.

అసలు సౌనా చెక్క గది. ఒక మూల ఎలక్ట్రిక్ హీటరో కట్టెల పొయ్యో ఉంటుంది, దాని మీద రాళ్ళు పేర్చి ఉంటాయి. గాలి 70 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కుతుంది గానీ తేమ 10–20 శాతమే. టైల్స్ వేసిన గదిలో ఎదుటి మనిషి కనపడనంతగా ఆవిరి కమ్ముకుని ఉంటే అది స్టీమ్ రూమ్. అక్కడ వేడి 40–50 డిగ్రీలు, తేమ నూటికి నూరు. మూడోది ఇన్‌ఫ్రారెడ్ క్యాబిన్. రాళ్ళుండవు, ఆవిరుండదు. గోడల్లోని ప్యానెళ్ళ వేడి నేరుగా ఒంటికి తగులుతుంది, గాలి మాత్రం 45–60 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

90 డిగ్రీల అంకె చూసి జంకి, 45 డిగ్రీల స్టీమ్ రూమే నయం అనుకునేవాళ్ళు చాలామంది. అంకెను నమ్మి అలా తీర్మానించుకోవద్దు. పొడి గాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, ఒంటి మీద కారుతుందంతే. పైగా ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ తన వేడినంతా మనకే ఇచ్చిపోతుంది. మే నెలలో బరంపురంలో 36 డిగ్రీలకే ప్రాణం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పశ్చిమ ఒడిశాలోని టిట్లాగఢ్‌లో 40 డిగ్రీల పొడి ఎండలో చెట్టు నీడన కూర్చుంటే అంత ఇబ్బంది ఉండదు. కారణం తేమ. అందుకని స్టీమ్ రూమ్‌లో మొదటిసారి 5 నిమిషాలు, అలవాటయ్యాక 10 నిమిషాలు చాలు. నీళ్ళలో మునిగితే లెక్క ఇంకా మారుతుంది. బరంపురం నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న తప్తపాణి గంధకపు ఊట నీళ్ళ గుంటలో దిగేవాళ్ళూ ఇది గుర్తుంచుకోవాలి. వేడి నీళ్ళు గాలికన్నా ఎన్నో రెట్ల వేగంగా ఒంటిని వేడెక్కిస్తాయి, మునిగి ఉన్నంత మేరా చెమటకు ఆరే దారే ఉండదు.

ఇక్కడినుంచి చెప్పేది ముఖ్యంగా రాళ్ళ పొయ్యి ఉన్న అసలు సౌనా గురించి.

మన దగ్గర చల్లబడటమే కష్టం

సౌనా పుట్టిల్లు ఫిన్లాండ్. జనాభా 55 లక్షలు, సౌనాలు దాదాపు 30 లక్షలు. వాళ్ళ సౌనా సంప్రదాయాన్ని యునెస్కో 2020లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళకు సౌనా అంటే లోపల కూర్చోవడం ఒక్కటే కాదు. కూర్చోవాలి, బయటికొచ్చి పూర్తిగా చల్లబడాలి, మళ్ళీ వెళ్ళాలి. అక్కడ తలుపు తీస్తే చల్లగాలి, చాలాచోట్ల పక్కనే చెరువు. చల్లబడటానికి ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ అక్కర్లేదు.

మన దగ్గర తలుపు తీస్తే ఉక్క. గంజాం తీరంలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బయటికొచ్చినా చెమట ఆరదు, లోపల పెరిగిన గుండె వేగం దిగదు. సగం వేడితోనే మళ్ళీ లోపలికి వెళ్తారు. రెండో విడతలో కళ్ళు తిరగడానికి చాలాసార్లు కారణం ఇదే. తప్పు సౌనాది కాదు, మధ్యలో దిగని వేడిది. కాబట్టి ఈ ప్రాంతంలో మొదటిసారి వెళ్ళదలచినవాళ్ళు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో మొదలుపెట్టడం మంచిది. కోరాపుట్, సెమిలిగూడ వైపు సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉండటంతో డిసెంబర్, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి దిగుతుంది. సౌనాకు ఇంతకన్నా అనువైన చోటు మన చుట్టుపక్కల దొరకదు. తీరంలో, వేసవిలో వెళ్ళక తప్పకపోతే బయట ఏసీ గదో, గట్టిగా తిరిగే ఫ్యానో ఉందా అని ముందే అడగండి. రెండూ లేకపోతే ఒక్క విడతతో సరిపెట్టుకోండి.

ఇంకో సంగతి. ‘చల్లటి షవర్’ అని రాసి ఉన్నా మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళు కాగి ఉంటాయి. లోపలికి వెళ్ళే ముందే కుళాయి తిప్పి, చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే బోరు నీళ్ళో బావి నీళ్ళో రెండు బకెట్లు పట్టి నీడన పెట్టించుకోండి. ఇది కుదరకపోతే ఆ పూటకు సౌనా మానుకోవడం మేలు.

ఎవరు వెళ్ళకూడదు, ఎవరు డాక్టర్ని అడగాలి

సౌనాలో గుండె నిమిషానికి 100–120 సార్లు కొట్టుకోవడం మామూలే, ఎక్కువసేపు కూర్చుంటే 150 దాకా పోవచ్చు. చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడిపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది చురుగ్గా నడిచినంత పని. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, కూర్చున్నా కొద్దిగా నడిచినా ఛాతీ పట్టేసేవాళ్ళు, గుండె కవాటం బాగా ఇరుకైందని తెలిసినవాళ్ళు వెళ్ళకూడదు. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవాళ్ళు, నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్ళు డాక్టర్ని అడిగాకే వెళ్ళాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు వేడిలో అది రక్తంలోకి వేగంగా చేరి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చర్మం మీద అంటించే మందు పట్టీలదీ అదే తీరు, వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళు, దూరంగా ఉండాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్ళు కొన్ని నెలలు ఆపడం మంచిది. వేడికి వీర్యకణాల సంఖ్య తాత్కాలికంగా తగ్గుతుంది, ఆపాక మళ్ళీ కోలుకుంటుంది.

మన జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి, ఇంగ్లీషు గైడ్లలో ఇవి కనపడవు.

మొదటిది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్త జబ్బు. ఒడిశాలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నచోట్లలో మన ప్రాంతమూ ఉంది. ఒంట్లో నీరు తగ్గడం, ఒక్కసారిగా వేడినుంచి చలికి మారడం, ఈ రెండూ నొప్పుల దాడిని రేపుతాయి. సౌనాలో జరిగేవి సరిగ్గా ఆ రెండే. జబ్బు ఉన్నవాళ్ళు సౌనాకు వెళ్ళకూడదు. ఇంట్లో ఎవరికైనా ఉండి, మీరు పరీక్ష చేయించుకోకపోతే ముందు ఆ రక్త పరీక్ష చేయించుకోండి. మీరు వాహకులు మాత్రమే (జబ్బు లేదు, జన్యువు ఉంది) అని తేలినా డాక్టర్‌తో మాట్లాడి, నీళ్ళ విషయంలో అశ్రద్ధ చేయకుండా వెళ్ళాలి.

రెండోది జ్వరం. దుప్పటి కప్పుకుని చెమట పట్టిస్తే జ్వరం దిగుతుందన్న నమ్మకంతో కొందరు జ్వరంలో ఆవిరి గదికి పోతారు. అప్పటికే వేడెక్కిన ఒంటిని ఇంకా వేడెక్కించడమే అది. రాయగడ, కోరాపుట్, గజపతి కొండ ప్రాంతాల్లో జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష. జ్వరం పూర్తిగా తగ్గి, తిండి సరిగ్గా తినడం మొదలై, ఓ వారం గడిచాకే సౌనా సంగతి చూడండి. విరేచనాలు అవుతున్నప్పుడూ అంతే.

తామర ఉన్నవాళ్ళు తగ్గేదాకా అందరూ కూర్చునే గదికి పోకపోవడం పక్కవాళ్ళ కోసం పాటించాల్సిన మర్యాద. తీరప్రాంతపు తేమకు అది అసలే తొందరగా పాకుతుంది.

వెళ్ళే ముందు

భోజనం చేసి గంటన్నర, రెండు గంటలు గడవాలి. ఖాళీ కడుపుతోనూ వద్దు, రెండు ఇడ్లీలో ఓ అరటిపండో తిని ఉండాలి. ముందు రెండు గంటల్లో అర లీటరు నీళ్ళు కొద్దికొద్దిగా తాగండి. అప్పటికప్పుడు లీటరు గటగటా తాగితే కడుపు బరువెక్కి వికారం పుడుతుంది. పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన రోజు, రాత్రి సరిగ్గా నిద్ర లేని రోజు వెళ్ళకండి. వ్యాయామం చేసినవాళ్ళు కనీసం 10 నిమిషాలు ఆగి, గుండె వేగం మామూలుకు వచ్చాక వెళ్ళాలి.

మద్యం ఏ రూపంలోనూ వద్దు. బీరైనా, ఇప్పసారా అయినా, జీలుగు కల్లైనా ఒకటే. చెట్టునుంచి దింపిన కల్లు చల్లదనమిస్తుంది, అది మందు లెక్కలోకి రాదు అనే మాట ఇక్కడ చెల్లదు. మద్యం రక్తనాళాలను ఇంకా వదులు చేస్తుంది, నీటిని బయటికి పంపేస్తుంది, గుండె లయ తప్పే ప్రమాదాన్ని పెంచుతుంది. అన్నిటికన్నా చెడ్డది, ‘ఇక లేవాలి’ అని చెప్పే తెలివిని మొద్దుబారుస్తుంది. ఫిన్లాండ్‌లో సౌనాలో చనిపోయినవాళ్ళలో చాలామంది తాగి ఉన్నవాళ్ళే. ముందు రోజు రాత్రి బాగా తాగి, పొద్దున్నే ‘చెమటలో దిగిపోతుంది’ అని వెళ్ళడమూ అంతే ప్రమాదం.

ఒంటి మీది లోహమంతా తీసేయండి. ఉంగరం, గడియారం, చెవి కమ్మలు, మెట్టెలు, నడుముకున్న వెండి మొలతాడు, అన్నీ. 80 డిగ్రీల గాలిలో సన్నటి గొలుసు రెండు నిమిషాల్లో చురుక్కుమంటుంది. మెడ వంచినప్పుడు అంతవరకూ గాలిలో వేలాడిన బిళ్ళ ఛాతీకి తగిలి, ఆ బిళ్ళంత మేర ఎర్రగా కందుతుంది. పుస్తెలు తీయడం ఇష్టంలేని ఆడవాళ్ళు వాటిని పలుచటి నూలుగుడ్డలో చుట్టి, బట్ట లోపల చర్మానికి ఆనేలా దోపుకోవచ్చు. చర్మానికి ఆని ఉన్న లోహం గాలిలో వేలాడేదానంత వేడెక్కదు. అయినా కింది బల్ల మీదే కూర్చోవాలి. కళ్ళజోడు, కాంటాక్ట్ లెన్స్ కూడా బయటే పెట్టండి.

బట్టల విషయానికొస్తే ఫిన్లాండ్‌లో ఏమీ కట్టుకోరు. మన దగ్గర నూలు పంచె, గాముచ్చా, వదులైన నూలు నైటీ సరిపోతాయి. నైలాన్, పాలిస్టర్ ఈత దుస్తులు వద్దు, అవి చెమటను పీల్చవు, వేడికి ఒంటికి అంటుకుంటాయి. బరువు తగ్గిస్తాయని అమ్మే ప్లాస్టిక్ చెమట సూట్లతో లోపలికి పోవడం ప్రాణాపాయం.

ముందు సబ్బుతో స్నానం చేసి, ఒళ్ళు పొడిగా తుడుచుకోండి. తడి ఒంటికి చెమట ఆలస్యంగా పడుతుంది. కొబ్బరి నూనె, ఆవ నూనె రాసుకుని సౌనాకు వెళ్ళకండి. నూనె పట్టించి ఆవిరి పట్టడం ఆయుర్వేదంలో వేరే చికిత్స, దాని వేడి వేరు, పద్ధతి వేరు. సౌనాలో నూనె చెక్కకు పట్టి కంపు కొడుతుంది, బల్ల మీద కాలు జారుతుంది.

రెండు తువ్వాళ్ళు పట్టుకెళ్ళండి, ఒకటి కింద పరుచుకోవడానికి, ఒకటి బయట తుడుచుకోవడానికి. మొదటిది కూర్చునే చోటుకే కాదు, పాదాలు పెట్టే చోటుకూ సరిపోవాలి.

మొదటి విడత

లోపలికి అడుగుపెట్టే ముందు తలుపును ఒకసారి తోసి చూడండి. సౌనా తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల గడియ ఉండకూడదు, వేలితో తోస్తే వచ్చేయాలి. తేమకు చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుంటుంటే ఆ గదిలో కూర్చోవద్దు. తర్వాత థర్మామీటర్. అది పై బల్ల మీద కూర్చున్న మనిషి తల ఎత్తులో ఉంటేనే ఆ అంకెకు విలువ. మొదటిసారికి 70–80 డిగ్రీలు చాలు. 90 దాటితే తగ్గించమని అడగండి.

వేడి పైకప్పు కింద పేరుకుంటుంది. నేల దగ్గర 40 ఉంటే పై బల్ల దగ్గర 85–90 ఉండవచ్చు. కాబట్టి ఎక్కడ కూర్చుంటారన్నదే మీ చేతిలో ఉన్న రెగ్యులేటర్. కింది బల్ల మీద కూర్చోండి. వీలైతే పాదాలు కూడా బల్ల మీదే పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంటే ఒళ్ళంతా ఒకే వేడిలో ఉంటుంది. లేకపోతే తల కాగిపోతూ పాదాలు చల్లగా ఉంటాయి. తలకు పొడి నూలుగుడ్డ వదులుగా తలపాగా చుట్టుకోండి, ఫిన్లాండ్‌వాళ్ళ ఉన్ని టోపీ చేసే పనే అదీ చేస్తుంది. ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకోండి. ముక్కు లోపల మండినట్టుంటే తువ్వాలు అంచు ముక్కుకు అడ్డం పెట్టుకోండి.

మొదటి రెండు మూడు నిమిషాలు చర్మం పొడిగా వేడెక్కుతుంది, పెద్దగా చెమట కనపడదు. తర్వాత పై పెదవి మీద, మోచేతి మడతలో సన్నగా మొదలై, ఐదో నిమిషానికి వీపు మీద ధార కడుతుంది. మొదటి విడత 5 నుంచి 8 నిమిషాలు. గోడకు ఇసుక గడియారం ఉంటే దాన్ని తిప్పండి, ఫోన్ లోపలికి తేకండి. ఎనిమిది నిమిషాలన్నది పై హద్దు, చేరుకోవాల్సిన గమ్యం కాదు. మూడు నిమిషాలకే చాలనిపిస్తే మూడు నిమిషాలకే లేవండి. పక్కన కూర్చున్న పెద్దాయన ‘ఇంకో ఐదు నిమిషాలు ఉండండి, ఏం కాదు’ అంటే నవ్వి బయటికి రండి.

తల తేలిపోవడం, వికారం, తలనొప్పి, చెవుల్లో గుండె చప్పుడు వినపడటం, ఊపిరి బరువెక్కడం, ఇవి కనపడితే వెంటనే బయటికి. అంతకన్నా గట్టి హెచ్చరిక ఇంకోటుంది: అంత వేడిలోనూ వెంట్రుకలు నిక్కబొడుచుకుని వణుకు రావడం, లేదా అంతవరకూ కారిన చెమట ఆగిపోవడం. అలాంటప్పుడు ఆ రోజుకు సౌనా అయిపోయినట్టే.

లేవడానికీ పద్ధతుంది. పై బల్ల మీదో, కాళ్ళు చాపుకునో ఉన్నవాళ్ళు చివరి రెండు నిమిషాలు కింది బల్ల మీదికి దిగి, కాళ్ళు కిందికి వేలాడేసి, పిక్కల్ని బిగిస్తూ వదులుతూ కూర్చోవాలి. రక్తమంతా చర్మం వైపు పోయి ఉంటుంది, ఒక్క ఉదుటున లేస్తే తలకు చాలదు. సౌనాలో పడిపోయేవాళ్ళు ఎక్కువగా పడేది లేచి నిలబడ్డ మొదటి అర నిమిషంలో. పడితే పక్కనే కాలే రాళ్ళుంటాయి.

బయటికొచ్చాక

ముందు నీళ్ళు పోసుకోవద్దు. నాలుగైదు నిమిషాలు ఫ్యాను గాలిలోనో చలిగాలిలోనో మెల్లగా నడవండి, తల తిరుగుతున్నట్టుంటే కూర్చోండి. తర్వాత చెంబుతో పాదాల నుంచి మొదలుపెట్టి పిక్కలు, తొడలు, చేతులు, ఛాతీ, ఆఖరున తల. బకెట్ ఒకేసారి నెత్తిన కుమ్మరించుకోవడం, చల్లటి తొట్టిలో దూకడం కొత్తవాళ్ళకు పనికిరావు. చలికి ఊపిరి ఒక్కసారి ఎగపీల్చి బీపీ జివ్వున లేస్తుంది, గుండె జబ్బు ఉండి తెలియనివాళ్ళకు ఆ క్షణమే ప్రమాదం.

మొత్తం 10–15 నిమిషాలు విశ్రాంతి. ఎప్పుడు చాలు అని తెలుసుకోవడానికి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. సౌనాకు ముందు ఎంత ఉందో దానికి పది పదిహేను అటూఇటుగా వచ్చి, నుదుటి మీద కొత్త చెమట పట్టకపోతే రెండో విడతకు సిద్ధమైనట్టు. తీరంలో వేసవిలో దీనికి అరగంట పట్టవచ్చు. పట్టనివ్వండి.

రాళ్ళ మీద నీళ్ళు

సౌనా అందమంతా ఇందులోనే ఉంది, మొదటి విడతలో మాత్రం దీని జోలికి పోవద్దు. రెండో విడత 8–10 నిమిషాలు ఉంటుంది, అందులో ఐదో నిమిషం దగ్గర ఒకసారి పోసి చూడండి. కొన్ని చోట్ల హీటరు నీళ్ళకు తట్టుకునేది కాదు, కాబట్టి ముందు అక్కడి సిబ్బందిని అడగాలి. లోపల ఉన్న మిగతావాళ్ళనూ అడగాలి.

గరిటెలో సగం, అంటే సుమారు 100 మిల్లీలీటర్లు. చేతిని పొయ్యికి నేరుగా పైన ఉంచకుండా పక్కనుంచి చాపి, రాళ్ళ మీద పరుచుకునేలా మెల్లగా వంచండి. బాగా కాగిన రాయి మీద పడ్డ నీరు మెత్తగా ‘స్‌స్’ మంటూ కనపడకుండా పోతుంది. కంటికి తెల్లటి ఆవిరి కూడా పెద్దగా ఆనదు. రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత పైకప్పు తాకి వెనక్కి మళ్ళిన వేడి ముందు చెవుల మీద, తర్వాత భుజాల మీద, ఆపైన వీపంతా దిగుతుంది. థర్మామీటర్ కదలదు గానీ ఒంటికి పది డిగ్రీలు పెరిగినట్టుంటుంది. ఆ 100 మిల్లీలీటర్లు దాదాపు 170 లీటర్ల ఆవిరి అవుతాయి, అది చర్మం మీద నీరుగా మారుతూ వేడిని వదులుతుంది. ఆ అల పూర్తిగా తగ్గేదాకా, ఓ రెండు నిమిషాలు, మళ్ళీ పోయకండి.

నీళ్ళు రాళ్ళ మధ్యనుంచి బొటబొట కారి కింద చిటపటలాడితే రాళ్ళింకా కాగలేదని అర్థం. గాలి 75 చూపించినా రాళ్ళు కాగడానికి స్విచ్చి వేసిన దగ్గర్నుంచి 40–60 నిమిషాలు పడుతుంది. జిమ్ములవాళ్ళు కస్టమర్ వచ్చాక స్విచ్చి వేసి పావుగంటలో పంపిస్తారు, ‘ఎప్పుడు వేశారు?’ అని అడిగితే చాలు.

బోరు నీళ్ళు గట్టివైతే రాళ్ళ మీద, హీటరు కడ్డీల మీద తెల్లటి సున్నం కడుతుంది. తాగే ఫిల్టర్ నీళ్ళు వాడాలి. నీలగిరి తైలం రాళ్ళ మీద నేరుగా పోస్తే భగ్గుమంటుంది. బకెట్ నీళ్ళలో రెండు మూడు చుక్కలు కలపండి, అంతే. కర్పూరం అసలే వద్దు, అది మండే పదార్థం. ఉబ్బసం ఉన్నవాళ్ళు పక్కనుంటే ఏ వాసనా వేయకండి.

మొదటి రోజుకు రెండు విడతలు చాలు. నాలుగైదు సార్లు వెళ్ళి అలవాటయ్యాక మూడో విడత, పై బల్ల, 12–15 నిమిషాలు. అంతకుమించి పోటీలు పడకండి. ఫిన్లాండ్‌లోని హైనొలాలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో తేల్చే ప్రపంచ పోటీలు జరిగేవి. 2010 ఫైనల్లో 110 డిగ్రీల గదిలో చివరిదాకా మిగిలిన ఇద్దరిలో ఒకరు చనిపోయారు, రెండోవారు తీవ్రంగా కాలిపోయారు. ఆ తర్వాత పోటీలే ఎత్తేశారు.

తాగాల్సినవి

ఒక పూట సౌనాలో అర లీటరు దాకా చెమట పోతుంది, మూడు విడతలైతే ఇంకా ఎక్కువ. ముందూ తర్వాతా పొడి ఒంటితో బరువు తూచుకోండి. అర కిలో తగ్గితే పోయింది అర లీటరు నీరు, ముప్పావు లీటరు తాగి తీర్చాలి. కొవ్వు కరిగిందని మురిసిపోయి తాగడం మానేస్తే మర్నాడు తలనొప్పి మిగులుతుంది. చెమటలో ‘విషాలు’ పోతాయన్న మాటా పట్టించుకోకండి. చెమటలో ఉండేది దాదాపు అంతా నీరు, ఉప్పు. మిగతా శుద్ధి కాలేయం, మూత్రపిండాల పని.

విడతల మధ్య ఒక గ్లాసు నీళ్ళు. అంతా అయ్యాక ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, చోడి అంబలి, ఏదైనా బాగుంటుంది. ఇంట్లో తరవాణి కుండ ఉంటే అంతకన్నా ఏం కావాలి! పులిసిన గంజి నీళ్ళలో చిటికెడు ఉప్పు, నిమ్మాకు నలిపి వేసుకుని తాగితే నీరూ ఉప్పూ రెండూ అందుతాయి, కడుపుకూ హాయి. ఒడియా ఇళ్ళలో పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) నీళ్ళదీ ఇదే గుణం. ఐసు ముక్కలేసిన కూల్‌డ్రింక్ వద్దు. బీపీ వల్ల ఉప్పు తగ్గించమన్నవాళ్ళకు మామూలు నీళ్ళే చాలు. తర్వాతి మూడు గంటల్లో మూత్రం ముదురు పసుపుగా వస్తే ఇంకా తాగాలని అర్థం.

బట్టలు వెంటనే తొడుక్కోకండి. ఇరవై నిమిషాలు ఆగకపోతే స్నానం చేసినా మళ్ళీ చెమటతో తడిసిపోతారు. కాలి వేళ్ళ సందులు, గజ్జలు బాగా తుడుచుకోవాలి. బండి నడపడానికి కనీసం అరగంట ఆగండి. సెమిలిగూడ వైపు ఘాట్ రోడ్డులో చలికాలం రాత్రి మంచులో తడి తలతో మోటార్ సైకిల్ మీద దిగడం ఏ లెక్కనా మంచిది కాదు.

ఎవరైనా పడిపోతే

ముందు గదిలోంచి బయటికి లాగండి, లోపలే నీళ్ళు చల్లుతూ కూర్చోవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి, ఫ్యాను వేయండి, తడి గుడ్డలు కప్పండి. తెలివొచ్చి మాట సరిగ్గా ఉంటే మెల్లగా నీళ్ళు తాగించవచ్చు. మాట తడబడుతుంటే, ఎక్కడున్నారో తెలియకపోతే, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒళ్ళంతా నీళ్ళు పోస్తూనే ఉండండి, ఐసు ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. నోట్లో ఏమీ పోయకండి. వీటికోసమే కొత్తవాళ్ళు ఒంటరిగా సౌనాకు వెళ్ళకూడదు.

ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే

గుడారంలాంటి మడత స్టీమ్ బాక్సులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అవి సౌనా కాదు గానీ తల బయట ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకు తట్టుకోవడం తేలిక. ప్రమాదమల్లా లోపలికి వచ్చే ఆవిరి గొట్టం మూతి దగ్గరే. పాదాలకు కనీసం ఒక అడుగు దూరంలో, గోడ వైపు తిప్పి, చిల్లుల మూత తొడిగి పెట్టండి. వావిలాకు, నిమ్మగడ్డి వేయాలనుకుంటే స్టీమర్ కుండలో వేయొద్దు. ఆకు నలుసులు గొట్టానికి అడ్డంపడి ఒత్తిడి పెరుగుతుంది. పలుచటి గుడ్డలో మూటకట్టి గొట్టం మూతికి ఎదురుగా పెట్టండి. జిప్పు లోపలినుంచి తెరుచుకుంటుందా అని కూర్చోకముందే చూసుకోండి.

చెక్క సౌనా కట్టించేవాళ్ళకు లెక్క: గది ఘనపరిమాణం ప్రతి ఘనపు మీటరుకు సుమారు 1 కిలోవాట్. ఇద్దరు ముగ్గురు కూర్చునే 6 ఘనపు మీటర్ల గదికి 6 కిలోవాట్ల హీటరు. అది 230 వోల్టుల మీద 26 ఆంపియర్లు లాగుతుంది. ఏసీకి వేసిన వైరు దీనికి చాలదు. విడి వైరు, కరెంటు మోతాదు మించితే తెంచే విడి ఎంసీబీ, షాక్ కొడితే తెంచే ఆర్‌సీసీబీ, గట్టి ఎర్తింగ్ ఉండాలి. 9 కిలోవాట్లకు త్రీఫేజ్ కావాలి. బల్లలకు మన అడవుల సాల్ చెక్క వాడదామనిపిస్తుంది, అందుబాటులో ఉంటుంది కాబట్టి. అది బరువైన, గుగ్గిలం ఉన్న చెక్క, వేడిని పట్టుకుని తొడలు కాలుస్తుంది. బల్లకు తేలికైన, జిగురు లేని చెక్క కావాలి, మేకుల తలలు పైకి కనపడకూడదు. రాళ్ళూ అంతే. వంశధార, మహేంద్రతనయ ఒడ్డున ఏరుకున్న గుండ్రటి రాళ్ళ లోపల చెమ్మ ఉంటుంది, కాగితే పగిలి పెంకులు ఎగురుతాయి. తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా కనిపించే కొండలైట్ పొరలుపొరలుగా ఉండే రాయి, వేడీ నీళ్ళూ మార్చి మార్చి తగిలితే విచ్చుకుని పొడవుతుంది. సౌనాకోసం అమ్మే నల్లటి బరువైన రాళ్ళే కొని, ఏడాదికోసారి దింపి, పగిలినవి తీసి పారేయాలి.

బొగ్గుల కుంపటి పెట్టి మూసిన గదిని సౌనా చేయాలని ఎవరూ ప్రయత్నించకండి. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి మొదలయ్యేసరికే లేచే శక్తి పోతుంది. కట్టెల పొయ్యి పెడితే పొగగొట్టం కప్పు దాటి పైకి వెళ్ళాలి, పొయ్యి దగ్గర కింద గాలి లోపలికి వచ్చే కన్నం, ఎదుటి గోడకు గాలి పోయే కన్నం ఉండాలి.

వాడాక బల్లలు తడిగుడ్డతో తుడిచి, తలుపు బార్లా తీసి, రాళ్ళ మిగులు వేడితో గది ఆరనివ్వండి. తీరంలో ఉన్నవాళ్ళు వానాకాలంలో వాడకపోయినా వారానికోసారి అరగంట హీటరు వేస్తే చెక్కకు బూజు పట్టదు. అప్పుడు మాత్రం తువ్వాళ్ళు లోపల ఆరేయకండి, హీటరు మీద పడితే అంటుకుంటాయి.